అక్బరీని పెంచిందెవరు?

ఉర్దూ చదివే కుటుంబాలలో ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర్లు 150 ఏళ్లకు పైగా సామెతల్లా వినిపిస్తున్నాయి. అక్క పేరు అక్బరీ. చెల్లెలి పేరు అస్గరీ. ఇల్లు చక్కదిద్ది, పొదుపు పాటించి, అత్తమామల మన్నన పొందిన కోడలిని అస్గరీతో పోలుస్తారు. మాట వినని పిల్లను, చేతికందినది పాడుచేసే పిల్లను అక్బరీ అని దెప్పుతారు. నిజానికి ఈ ఇద్దరూ ఏ వీధిలోనూ పుట్టి పెరిగినవారు కారు. 1869లో వెలువడిన ఒక పుస్తకంలో పుట్టినవారు.

ఒక రచయిత కల్పించిన పాత్ర మన ఇంటి ఆడపిల్లను కొలిచే కొలబద్దగా మారిందంటే కథకు ఎంతటి బలముందో ఊహించవచ్చు. ఆ బలం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది మనం ఆ పాత్రను చదివే తీరును బట్టి ఉంటుంది. మన పిల్లలకు కథలు చెబుతాము, పుస్తకాలు కొనిపెడతాము. ‘ఇందులో మంచివాళ్లెవరు, చెడ్డవాళ్లెవరు?’ అని అడిగి పుస్తకం మూసేస్తాము. అంతకు మించి అడగవలసిన ప్రశ్న ఒకటుందని మేము భావిస్తున్నాము. పాత కథల నుండి నేటి కథల దాకా కొన్ని పాత్రలను దగ్గరగా చూస్తే ఆ ప్రశ్న దానంతటదే బయటపడుతుంది.

వధువు చేతికిచ్చిన అద్దం

‘మిర్అతుల్ ఉరూస్’ అంటే వధువు అద్దం. దీనిని రచించిన డిప్యూటీ నజీర్ అహ్మద్ ఉత్తర భారతంలోని బిజ్నోర్ ప్రాంతానికి చెందినవారు. ఢిల్లీ కాలేజీలో చదువుకున్నారు. పాఠశాలల తనిఖీ అధికారిగా, డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. భారత శిక్షాస్మృతి ఉర్దూ అనువాదంలో ఆయన పాత్ర ఉంది. 1877లో హైదరాబాదు వచ్చి నిజాం ప్రభుత్వంలో కొన్నేళ్లు ఉన్నత పదవి నిర్వహించారు. అనంతర కాలంలో దివ్య ఖుర్ఆన్‌ను ఉర్దూ నుడికారంలోకి అనువదించారు.

ఆ కాలంలో ఆడపిల్లలు ఇంట్లో చదువుకోవడానికి తగిన పుస్తకాలు దాదాపు లేవు. నజీర్ అహ్మద్ తన కుమార్తెల కోసం కొద్దికొద్దిగా వ్రాస్తూ పోగా ఈ గ్రంథం తయారయింది. అప్పటి ప్రభుత్వం దీనికి 1000 రూపాయల బహుమతి ప్రకటించింది. పెళ్లికూతుళ్లకు కానుకగా ఇచ్చే పుస్తకంగా దీనికి పేరు స్థిరపడింది.

కథ ఢిల్లీలో సాగుతుంది. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములను పెళ్లాడతారు. అక్బరీ భర్త ముహమ్మద్ ఆఖిల్, అస్గరీ భర్త ముహమ్మద్ కామిల్. అక్బరీ అత్తగారితో తగవు పెట్టుకుని వేరు కాపురం పెడుతుంది. ఒకనాడు హజ్ యాత్ర చేసివచ్చినట్లు నటించే ఒక మాయలాడి ఆమె గుమ్మం తొక్కుతుంది. మొదట ఖరీదైన వస్తువులను కారుచవకగా అమ్మి నమ్మకం సంపాదిస్తుంది. ఆ తరువాత నగలు మాసిపోయాయని, మెరుగు పెట్టించి తెస్తానని చెప్పి, అన్నీ మూటగట్టుకుని మాయమవుతుంది.

అస్గరీ అదే అత్తింట అడుగుపెట్టి అక్కడి లొసుగులను ఓర్పుతో పసిగడుతుంది. ఆ ఇంట్లో మామా అజ్మత్ అనే పాత పనిమనిషి ఉంటుంది. దుకాణంలో అప్పులు తెచ్చేదీ, లెక్కలు చెప్పేదీ ఆమే. అత్తగారికి చదువు రాదు కనుక ఆ లెక్కలను సరిచూసేవారు లేరు. అస్గరీకి వ్రాయడం, చదవడం, కూడికలు తీసివేతలు తెలుసు. ఆమె చిట్టాలు సరిచూడగానే ఏళ్ల తరబడి సాగిన దోపిడీ బయటపడుతుంది. అటుపిమ్మట ఆమె ఇంట్లోనే ఆడపిల్లలకు బడి నడుపుతుంది. భర్తను ఉద్యోగానికి పురికొల్పుతుంది. దూరప్రాంతంలో అతడు చెడు సావాసాలలో పడినప్పుడు తానే వెళ్లి చక్కదిద్దుతుంది.

ఆడపిల్లకు చదువెందుకని అడిగే రోజులలో నజీర్ అహ్మద్ ఇచ్చిన సమాధానం ఇది. లెక్క తెలియని ఇల్లాలు ఇంటినంతటినీ పరాయి చేతిలో పెడుతుందని ఆయన పనిమనిషి చిట్టా ద్వారా చూపించారు. ఆ విషయంలో ఈ పుస్తకానికి మనం ఋణపడి ఉన్నాము.

ఎవరూ అడగని ప్రశ్న

అయితే కథ ఆరంభంలోనే రచయిత ఒక విషయం చెబుతారు. అక్బరీని చిన్ననాటి నుండి అమ్మమ్మ గారాబం చేసింది. ఏది కోరితే అది ఇచ్చింది. ఎవరినీ పల్లెత్తు మాట అననివ్వలేదు. చదువూ పనీ నేర్పే వయసులో ఆమెకు నేర్పినవారు లేరు. అదే ఇంట పుట్టిన అస్గరీకి చదువూ పనీ రెండూ వచ్చాయి.

అంటే ఈ తేడాకు కారణం పుస్తకంలోనే ఉంది. అయినా కథ ముందుకు సాగేకొద్దీ ఆ కారణం వెనుకబడుతుంది. నగలు పోయినప్పుడు నిందంతా అక్బరీ నెత్తిన పడుతుంది. ఆమెను పెంచిన పెద్దలు ఎక్కడా బోనులో నిలబడరు. పాఠకులు కూడా రచయిత చూపిన వైపే చూశారు. అందుకే ఈనాటికీ ‘నువ్వు అక్బరీవి’ అనే దెప్పిపొడుపు పిల్లకే తగులుతుంది. ఆ మాట అన్నవారికి తగలదు.

మరొక విషయం కూడా గమనించదగినది. అస్గరీ తలపెట్టిన పని ఏదీ బెడిసికొట్టదు. ఆమెకు కోపం రాదు, తడబాటు ఉండదు. అటువంటి పాత్రను మనం గౌరవిస్తాము గాని, ఆమెతో కలిసి నడవలేము. ఆమె మనకు నిజంగా దగ్గరయ్యేది ఒకే ఒక చోట. ఆమె పసిబిడ్డలు చనిపోతారు. అంత నేర్పరి అయిన ఇల్లాలు దుఃఖంలో కుంగిపోతుంది. దూరాన ఉద్యోగంలో ఉన్న తండ్రి ఆమెకు ఓదార్పు లేఖ వ్రాస్తాడు. తెలివితేటలు పనికిరాని చోట, తండ్రి మాట కోసం ఎదురుచూసిన ఆ కూతురిలో చదువరి తనను తాను చూసుకుంటుంది. నేర్పు కంటే ఆమె దుఃఖమే ఆమెను మనిషిగా నిలబెట్టింది.

తప్పు తనదేనని గుర్తించిన తండ్రి

అక్బరీ కథలో దొరకని సమాధానం కోసం అదే రచయిత మరో పుస్తకం తెరవాలి. అది 1870ల నాటి ‘తౌబతున్నసూహ్’. ఈ పేరు దివ్య ఖుర్ఆన్‌లో తహ్రీమ్ సూరాలో వచ్చే స్వచ్ఛమైన పశ్చాత్తాపం అనే భావాన్ని గుర్తుచేస్తుంది. కథానాయకుని పేరు కూడా నసూహే.

ఢిల్లీలో కలరా విజృంభిస్తుంది. నసూహ్ మంచాన పడతాడు. మందు మత్తులో అతనికి ఒక కల వస్తుంది. చనిపోయిన తండ్రి దైవన్యాయస్థానంలో తన కర్మల లెక్క కోసం నిలబడి కనిపిస్తాడు. మేలుకున్న నసూహ్ వణికిపోతాడు. తన జీవితమెలా గడిచిందో, తన పిల్లలు ఎలా తయారయ్యారో తలపోస్తాడు. ఇక్కడే ఈ పుస్తకం మొదటి పుస్తకాన్ని దాటి వెళ్లింది. పిల్లలు చెడిపోయారంటే ఆ తప్పులో మొదటి భాగం తనదేనని నసూహ్ గుర్తిస్తాడు. భార్య ఫహ్మీదాతో ఆ మాట మనసు విప్పి చెబుతాడు. ఇద్దరూ కలిసి ఇంటిని సంస్కరించాలని పూనుకుంటారు.

చిన్నపిల్లలు త్వరగానే దారికి వస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు పెద్దకొడుకు కలీమ్‌తో. అతడు కవి, మాటకారి, అభిమానధనుడు. ఇన్నేళ్లూ తన పోకడను చూస్తూ ఊరుకున్న తండ్రి, ఇప్పుడు ఉన్నట్టుండి రమ్మని కబురు పంపితే అతడు వెళ్లడు. తల్లి నచ్చజెప్పినా వినడు. చివరికి ఇల్లు విడిచిపోతాడు. అప్పుడు నసూహ్ కొడుకు గదులలోకి ప్రవేశించి, అతని పుస్తకాలను పోగుచేయించి, నిప్పు పెట్టిస్తాడు.

ఇల్లు విడిచిన కలీమ్ తన మిత్రుడు మీర్జా జాహిర్‌దార్ బేగ్ దగ్గరకు వెళతాడు. జాహిర్‌దార్ అంటే పైపై మెరుగుల మనిషి. గొప్ప ఆస్తికి వారసుడినని చెప్పుకుని తిరిగిన ఆ మిత్రుడు, తీరా కలీమ్ గుమ్మం ముందు నిలబడితే ఒక పాడుబడిన మసీదులో పడుకోబెడతాడు. ఆకలిగా ఉందంటే వేయించిన శనగలు తెచ్చి, వాటి రుచిని ఆకాశానికెత్తుతాడు. నవ్వూ జాలీ ఒకేసారి కలిగించే ఆ ఘట్టం ఉర్దూ నవలలో మరపురానిది.

అనేక తిరుగుళ్ల తరువాత కలీమ్ సైన్యంలో చేరి, గాయపడి, పశ్చాత్తాపంతో కన్నుమూస్తాడు. రచయిత ఉద్దేశంలో ఇది తండ్రి మాట కాదన్న కొడుకు కథ. కాని చదివిన చాలామంది మనసులో నిలిచిపోయినవాడు కలీమే. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. నసూహ్‌కు మారడానికి ఒక కల, ఒక రోగశయ్య, ఆలోచించుకోవడానికి వ్యవధి లభించాయి. కలీమ్‌కు లభించింది ఒక ఆజ్ఞ మాత్రమే. తాను నడి వయసులో తెలుసుకున్నది కొడుకు ఒక్క రాత్రిలో అంగీకరించాలని తండ్రి కోరుకున్నాడు. తన తప్పును గుర్తించిన నసూహ్, దానిని దిద్దుకోవడానికి కొడుకుకు కూడా సమయం పడుతుందని గుర్తించలేకపోయాడు.

పుస్తకాలు కాలిన ఆ రాత్రి గురించి చరిత్ర మరొక మాట చేర్చింది. జీవిత చరమాంకంలో నజీర్ అహ్మద్ విశ్వాసుల మాతృమూర్తుల గురించి ‘ఉమ్మహాతుల్ ఉమ్మహ్’ అనే గ్రంథం వ్రాశారు. పవిత్రమూర్తుల గురించి వ్రాసేటప్పుడు వాడుక నుడికారం వాడారన్న అభ్యంతరం తలెత్తింది. వివాదం ముదిరి ఆ గ్రంథం ప్రతులను దహనం చేశారు. నవలలో నిప్పు పెట్టించిన రచయిత, తన సొంత పుస్తకం అగ్నికి ఆహుతి కావడాన్ని చూడవలసి వచ్చింది. ఆ అభ్యంతరం సబబా, కాదా అన్న చర్చ మా ఉద్దేశం కాదు. కాగితం కాలినంత మాత్రాన మనసు మారదన్నది ఆయన కథ చెబుతున్నది, ఆయన జీవితమూ చెబుతున్నది.

దివ్య ఖుర్ఆన్ ఉత్తమ గాథగా పేర్కొన్న యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని ఇక్కడ స్మరించుకోవడం సముచితం. తమ్ముణ్ణి బావిలో పడవేసిన అన్నలకు సైతం అందులో తిరిగి వచ్చే దారి ఉంది. వారికి ఏళ్లు పట్టింది. తండ్రి కన్నీరు కార్చాడే గాని, వారిని తన కుమారులు కారని అనలేదు. తమ్ముడు క్షమించాడు. బిడ్డల విషయంలో తొందరపడే పెద్దలకు ఆ ఓర్పులో గొప్ప పాఠం ఉంది.

ఇద్దరు పిల్లలు, రెండు గుమ్మాలు

1899లో మీర్జా హాదీ రుస్వా ‘ఉమ్రావ్ జాన్ అదా’ వెలువరించారు. సినిమాల వల్ల ఈ పేరు వినగానే పాటలూ ఆటలూ గుర్తుకురావడం సహజం. కాని ఆ నవల మొదటి పుటలలో ఉన్నది ఒక గౌరవప్రదమైన కుటుంబం. ఫైజాబాదులో బహూ బేగం సమాధి మందిరం వద్ద జమేదారుగా పనిచేసే తండ్రి, తల్లి, చిన్న తమ్ముడు, అమీరన్ అనే పాప.

దిలావర్ ఖాన్ అనే దుర్మార్గుని కేసులో ఆ తండ్రిని సాక్ష్యం అడుగుతారు. ఆయన ఉన్న మాట చెబుతాడు. శిక్ష అనుభవించి విడుదలైన దిలావర్ ఖాన్ పగబట్టి, పాపను ఎత్తుకుపోయి లక్నోలో అమ్మేస్తాడు. కొన్నది ఒక వేశ్యాగృహ యజమానురాలు. ఆ పాపే ఉమ్రావ్ అవుతుంది.

నిర్బంధంలో అమీరన్‌కు మరొక పాప తోడవుతుంది. ఆమె పేరు రామ్ దేయీ. ఆమెనూ ఎత్తుకువచ్చి అమ్ముతారు. కాని ఆమెను కొన్నది ఒక సంపన్న గృహపు బేగం. ఏళ్లు గడిచాక కాన్పూరులో ఉమ్రావ్ ఒక ఇంటికి వెళితే, ఆ ఇంటి గౌరవనీయురాలైన ఇల్లాలు ఒకనాటి రామ్ దేయీయేనని తేలుతుంది.

అక్బరీ, అస్గరీల జంట పక్కన ఈ జంటను పెట్టి చూడాలి. నజీర్ అహ్మద్ కథలో ఎవరి గుణం వారికి ఫలితాన్నిచ్చింది. రుస్వా కథలో ఇద్దరు పసిపిల్లల గుణదోషాల ప్రసక్తే లేదు. ఏ గుమ్మంలోకి తీసుకువెళ్లారన్నదే వారి బ్రతుకును నిర్ణయించింది. 30 ఏళ్ల వ్యవధిలో ఉర్దూ నవల చూపు ఎంత మారిందో దీనిని బట్టి తెలుస్తుంది. ‘ఈమె ఎటువంటిది?’ అని అడిగిన సాహిత్యం ‘ఈమెకు ఏమి జరిగింది?’ అని అడగడం నేర్చుకుంది.

రుస్వా ఆమె జీవితాన్ని మెచ్చుకోలేదు, అందంగా చిత్రించి ఊరించనూ లేదు. తన కథ తానే చెప్పుకుంటున్న ఉమ్రావ్ తన పొరపాట్లను దాచిపెట్టదు. ఈ నవలలో గుండెను పిండే ఘట్టం 1857 కల్లోలం తరువాత వస్తుంది. విధి ఆమెను తిరిగి ఫైజాబాదు చేరుస్తుంది. పాడడానికి పిలిచిన చోట ఆమె ఒక చింతచెట్టును గుర్తుపడుతుంది. అది తన చిన్ననాటి వీధి. తల్లి కూతురిని పోల్చుకుంటుంది. ఇద్దరూ కౌగిలించుకుని ఏడుస్తారు. కాని ఆ కలయిక అక్కడే ముగుస్తుంది. తమ్ముడు కత్తి పట్టుకుని వస్తాడు. ఆమె బ్రతికి ఉండటమే అతనికి అవమానం.

ఆ ఇంటి తండ్రి సత్యం పలికాడు. ఆ సత్యానికి మూల్యం చెల్లించినది కూతురు. తిరిగి వచ్చిన ఆమెకు తలుపు తెరుచుకోలేదు. ఎత్తుకుపోయిన దిలావర్ ఖాన్ దోషం ఒక ఎత్తు. తిరిగి వచ్చినప్పుడు మూసిన గుమ్మం మరొక ఎత్తు. రచయిత ఎవరినీ వేలెత్తి చూపకుండా ఆ గుమ్మం ముందు మనల్ని నిలబెట్టి ఊరుకుంటారు.

మూడు పైసల పట్టకారు

మంచితనాన్ని కథలో చూపించడం చెడును చూపించడం కంటే కష్టం. ఆ కష్టాన్ని సునాయాసంగా దాటిన కథ 1930లలో ప్రేమ్‌చంద్ వ్రాసిన ‘ఈద్‌గాహ్’. పాఠ్యపుస్తకాల ద్వారా లక్షలాది మంది పిల్లలు చదివిన కథ ఇది.

హామిద్‌కు నాలుగైదేళ్లు. తల్లీ తండ్రీ లేరు. నాయనమ్మ అమీనా పెంచుతోంది. పండుగనాడు ఊరి పిల్లలతో కలిసి పట్నంలోని ఈద్‌గాహ్‌కు బయలుదేరతాడు. జేబులో మూడు పైసలు. తోటి పిల్లలు సిపాయి బొమ్మ, భిష్తీ బొమ్మ, వకీలు బొమ్మ కొంటారు. మిఠాయిలు తింటారు. హామిద్‌కు కూడా బొమ్మలు కావాలి, మిఠాయి కావాలి. ప్రేమ్‌చంద్ ఆ సంగతి దాచలేదు. పిల్లవాడు బొమ్మల వంక ఆశగా చూస్తాడు. ఊరిస్తున్న నేస్తాల మీద ఉక్రోషపడతాడు. మట్టి బొమ్మలు కింద పడితే పగిలిపోతాయని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు.

ఇనుప సామాను దుకాణం ముందు అతని అడుగు ఆగుతుంది. రొట్టెలు పెనం మీద నుంచి తీసేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతాయని గుర్తుకొస్తుంది. దుకాణదారు ఆరు పైసలు చెబుతాడు. బేరం మూడు పైసలకు తెగుతుంది. పట్టకారును తుపాకిలా భుజాన వేసుకుని హామిద్ ఇల్లు చేరతాడు. పొద్దుటి నుండి ఏమీ తినకుండా ఇనుప ముక్క తెచ్చాడని మొదట కోప్పడిన అమీనా, కారణం విని పసిపాపలా ఏడుస్తుంది.

అస్గరీకీ హామిద్‌కూ తేడా ఇక్కడే ఉంది. అస్గరీ మంచిదని రచయిత మనకు చెబుతారు. హామిద్ మంచివాడు కావడాన్ని మనం కళ్లారా చూస్తాము. అతనికి ఆశ ఉంది, ఆ ఆశను జయించడం ఉంది. త్యాగమన్న మాట ఆ పిల్లవాడికి తెలియదు. తెలిసినదల్లా కాలిన వేళ్లు మాత్రమే.

పైన మేము అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడ ఒక జవాబు దొరుకుతుంది. హామిద్‌ను పెంచిందెవరు? చేతిలో చిల్లిగవ్వ లేని ఒక ముసలమ్మ. ఆమె అతనికి నీతులు చెప్పిన దాఖలా కథలో పెద్దగా లేదు. రోజూ ఆమె రొట్టెలు కాల్చడం అతడు చూశాడు. పిల్లలు మన ఉపన్యాసాల కంటే మన చేతులనే ఎక్కువగా చూస్తారు.

నేటి కథలు తడుతున్న తలుపులు

ఈ పరంపర పాతపుస్తకాలతో ఆగిపోలేదు. కర్ణాటకలోని హాసన్‌కు చెందిన న్యాయవాది, రచయిత్రి బాను ముష్తాక్ కన్నడంలో వ్రాసిన 12 కథలను దీపా భాస్తి ఆంగ్లంలోకి అనువదించారు. ‘హార్ట్ ల్యాంప్’ పేరుతో వెలువడిన ఆ సంపుటికి 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి లభించింది. కన్నడ భాషకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

సంపుటికి పేరిచ్చిన కథలో మెహ్రున్ అనే ఇల్లాలు భర్త నిరాదరణకు గురై, చంకలో పసిబిడ్డతో పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు ఆమె గోడు వినకముందే పరువు గురించి ఆలోచిస్తారు. అదే రోజు ఆమెను తీసుకువెళ్లి అత్తింట దిగబెట్టి వస్తారు. బ్రతుకు మీద ఆశ వదులుకున్న ఆ రాత్రి ఆమెను ఆపినవారు భర్త కాదు, అన్నదమ్ములు కారు. పెద్దకూతురు సల్మా. చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి, తల్లిని గట్టిగా పట్టుకుని, మేమున్నాము కదా అని ఏడ్చిన ఆ పిల్లే తల్లిని దక్కించుకుంది.

ఫైజాబాదులో ఉమ్రావ్ ముందు మూసుకున్న గుమ్మానికీ, మెహ్రున్‌ను పంపివేసిన గుమ్మానికీ మధ్య శతాబ్దానికి పైగా దూరం ఉంది. తలుపు మాత్రం అదే. అటువంటి కథలు చదివినప్పుడు కొందరికి నొప్పి కలుగుతుంది. మన ఇళ్ల లోపాలను నలుగురిలో పెట్టడమెందుకని అనిపిస్తుంది. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని లోపం చెప్పినవారి మీద కోపగించుకోవడం కంటే, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ మాట పూర్తిగా వినడం సులభం. అది మన ధర్మం కూడా.

తెలుగులోనూ ఈ చూపు కలిగిన రచనలు వచ్చాయి. మహమ్మద్ ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లాలోని ఒక ముస్లిం ఇంటి బాల్యాన్ని పిల్లవాడి గొంతుతో, అక్కడి యాసతో చెప్పాయి. పేదరికం, పండుగ, అమ్మ కోపం, నాన్న కష్టం అందులో కలగలిసి ఉంటాయి. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ‘వతన్’ సంకలనం తెలుగు ముస్లిం కథకుల గొంతులను ఒకచోట చేర్చింది. చదివినవారికి ఆ ఇంటి మనుషులు తెలిసినవారవుతారు. పొరుగువారిని పొరుగువారికి పరిచయం చేయడం సాహిత్యం చేసే మేలులలో ఒకటి.

ఇంట్లో కథను ఎలా చదవాలి?

మంచి పుస్తకం ఎంచి ఇవ్వడంతో తల్లిదండ్రుల బాధ్యత తీరిపోదు. పిల్లల పక్కన కూర్చుని ఆ పుస్తకాన్ని కలిసి చదవాలి. కథ ముగిశాక ‘నీతి ఏమిటి?’ అని అడగడానికి ముందు, పాత్రల గురించి మరికొన్ని ప్రశ్నలు వేయాలి. ఈ మనిషి ఇలా ఎందుకయ్యాడు? ఇతనికి ఎవరైనా నేర్పారా? తప్పు చేసి తిరిగి వచ్చినప్పుడు ఎవరైనా తలుపు తీశారా? ఆ చోట నువ్వుంటే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి? ఈ ప్రశ్నలకు పిల్లలిచ్చే జవాబులు ఒక్కోసారి పెద్దలను ఆలోచనలో పడవేస్తాయి. వాటిని ఓపికగా వినాలి.

పిల్లవాడు కలీమ్ పక్షం వహిస్తే కంగారు పడనవసరం లేదు. అతనికి కలీమ్‌లో ఏమి నచ్చిందో అడగండి. బహుశా తన మాట ఎవరూ వినడం లేదన్న బాధ బయటపడవచ్చు. ఎదురుగా కూర్చుని అడిగినా చెప్పని సంగతిని పిల్లలు పాత్ర చాటున చెప్పగలరు. తగని పుస్తకం చేతిలో కనిపించినప్పుడు లాక్కుని పారవేయడానికి ముందు, అందులో ఏం వెతుకుతున్నారో తెలుసుకోవడం మేలు. దాని స్థానంలో మరింత మంచి పుస్తకం ఇవ్వగలిగితే ఇంకా మేలు.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరిని అస్గరీ అని, మరొకరిని అక్బరీ అని పిలిచే అలవాటు ఏ పేరుతో ఉన్నా మానుకోవాలి. ‘అక్కను చూసి నేర్చుకో’, ‘తమ్ముడి పాటి లేదు నీకు’ వంటి మాటలు పిల్లను మార్చవు. తోబుట్టువును దూరం చేస్తాయి. నవలలో అక్బరీని సరిదిద్దడానికి అస్గరీని చూపించినవారు ఎందరో. ఆమె పక్కన కూర్చుని లెక్కలు నేర్పినవారు ఒక్కరూ లేరు. నేర్పి ఉంటే ఆ మాయలాడి మూట విప్పినప్పుడే ఆమెకు అనుమానం వచ్చి ఉండేది.

కనుక ఇకపై మన ఇంట ఏ ఆడపిల్లనైనా ఆ పేరుతో దెప్పబోయే ముందు, మనమామెకు ఏమి నేర్పామో ఒక్కసారి లెక్క చూసుకుందాము. నేర్పనిదేదైనా మిగిలి ఉంటే ఈ సాయంత్రమే మొదలుపెడదాము.